ఆషాఢంలో ఇల్లు వెతికితే

శ్రోతలందరికీ నమస్కారం.

మంగళగిరిలో ఒకప్పుడు గాలిగోపురం చుట్టుపక్కల వీధులు ఒకసారి తిరిగితే చాలు, ఏదో ఒక పోర్షన్ దొరికేది. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చింది. 2019లో ఎయిమ్స్‌లో ఓపీ మొదలైంది. ఉద్యోగులు, నర్సులు, చదువుకునే పిల్లలు అందరికీ ఇక్కడే ఇల్లు కావాల్సి వచ్చింది.

మా చెల్లెలు నర్సు ఉద్యోగానికి వచ్చినప్పుడు తనతో పాటు నేనూ తిరిగాను. మొదట చూసింది ఊరి బయట కొత్త అపార్ట్‌మెంటు. అద్దె 7,000. టైల్స్ మెరుస్తున్నాయి, గాలి బాగా వస్తోంది. చెల్లెలు సంచిలోంచి చిన్న సబ్బు ముక్క తీసి, వంటింటి కుళాయి కింద చేతులు రుద్దుకుంది. ఎంత రుద్దినా నురగ రాలేదు. బోరు నీళ్లు, బాగా ఉప్పు. తాగడానికి రోజూ 20 రూపాయల క్యాన్ కొనాలి, అంటే నెలకు 600. డ్యూటీకి వెళ్లి రావడానికి ఆటోకు రోజుకు 60, 26 రోజులకు 1,560. ఆ ఏడు వేల ఇల్లు 9,160 అయి కూర్చుంది. మెయింటెనెన్స్ ఇంకా కలపలేదు. బోర్డు మీద రాసిన అద్దె చూసి సంతోషపడితే మధ్యతరగతి జీతం ఇలాగే కరిగిపోతుంది.

మంచి ఇల్లు మాకు టులెట్ బోర్డు వల్ల దొరకలేదు, ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు. ఒక చేనేతవాళ్ల ఇంటి వెనక పోర్షన్. ముందు గదిలో మగ్గం ఆడుతూ ఉంటుంది. మునిసిపల్ కుళాయి ఉంది, ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. 8,500 అన్నారు. కరెంటు మీటరు వేరుగా ఉందా అని అడిగాం, ఉందన్నారు. ఇది తప్పకుండా అడగండి. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లు పెరిగి పై శ్లాబులోకి పోతాయి, రేటూ పెరుగుతుంది.

అది ఆషాఢం. కొత్త ఇంట్లో దిగడానికి చాలామంది ఇష్టపడరు కాబట్టి ఇళ్లు ఖాళీగా ఉంటాయి. బేరానికి అంతకంటే మంచి నెల లేదు. 8,000కి ఒప్పుకున్నారు. అడ్వాన్సు మూడు నెలలు అడిగితే రెండు నెలలకు తగ్గించమన్నాం. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు పరిమితి అదే. రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది వర్తించదు, కానీ అడగడానికి ఒక ఆధారం.

అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు.  ఇదివరకు ఇంకో ఊళ్లో ఖాళీ చేసేటప్పుడు సున్నాల ఖర్చు కింద ఓనరు మా అడ్వాన్సులో సగం పట్టుకున్నాడు. ఆ బాధ ఇంకా పోలేదు. అందుకే ఈసారి సున్నాల ఖర్చు ఎవరిదో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అగ్రిమెంటులోనే రాయించాం. గోడల ఫొటోలు తీసుకున్నాం, మీటరు రీడింగు రాసుకున్నాం.

సంతకాలయ్యాక ఇంటావిడ తాళం చేతిలో పెట్టి, "ఆషాఢంలో సామాను దించకమ్మాయ్, శ్రావణంలో పాలు పొంగించుకో. అప్పటిదాకా అద్దె వద్దులే" అంది.

"అలాగే పిన్నిగారూ" అంటూ మా చెల్లెలు మగ్గం వైపు చూసింది. పోగులు సగంలో ఉన్న చీర, ముదురాకుపచ్చ రంగు.