సంక్రాంతికి ఇంట్లో నారు పోద్దాం: నెల్లూరు, ఒంగోలు మిద్దెతోటల కోసం

[దృశ్యం: తూర్పు వరండా, పొద్దుటి ఎండ. ప్రో ట్రేలో (చిన్న చిన్న గుంతలుండే నారు ట్రే) టమాట నారు.]

చలిదేశాల వీడియోలు చూసి, ఇంట్లో నారు పెంచాలంటే హీటర్ మ్యాట్లు, గ్రో లైట్లు కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. అక్కర్లేదండీ. వాళ్లు మంచు ఎప్పుడు ఆగుతుందో చూసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కేసి గింజ పెడతారు. మన నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మనం లెక్కేయాల్సింది ఎండల నుంచి వెనక్కి.

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిపూట కూడా ఉక్క తగ్గకపోతే టమాట పూత నిలవదు, రాలిపోతుంది. సంక్రాంతి వారంలో గింజ పెడితే ఫిబ్రవరి నడిమికి నారు చేతికొస్తుంది, మార్చిలో పిందె పడుతుంది. అదే గింజ మార్చిలో పెట్టామనుకోండి, మే వడగాడ్పుల్లో పూతకొస్తుంది. అప్పుడు ఎంత ఎరువేసినా కాయ చూడలేం.

వంగకు, మిరపకు ఇంకొంచెం ఓపిక కావాలి. టమాట నారు 25 రోజుల్లో నాటుకోవచ్చు. మిరపకు 40 రోజులు పట్టొచ్చు, అందుకే ముందు మిరప గింజ పెట్టండి.

[దృశ్యం: బకెట్లో కోకోపీట్ కడగడం.]

కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు. దీంట్లో ఉప్పుంటుంది. రెండు మూడుసార్లు మంచినీళ్లు పోసి పిండేయండి. తర్వాత వర్మీకంపోస్ట్, గుప్పెడు వేపపిండి కలపండి. గింజను దాని మందానికి రెండింతల లోతులో పెడితే చాలు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన జిల్లాల్లో నారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లలో ఆ ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. వృథా పోనివ్వకూడదని ఆ నీళ్లు మొక్కలకు పోస్తుంటారు, మంచి ఆలోచనే, కానీ నారుకు మాత్రం వద్దు. లేత వేరు తట్టుకోదు, ఆకు అంచులు మాడతాయి. వాననీళ్లు పట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచివి లేవు. లేదా కుళాయికొచ్చే తాగునీళ్లు.

[దృశ్యం: కాడ సన్నబడి పడిపోయిన మొలకలు, దగ్గరగా.]

ఇది నారుకుళ్లు తెగులు. మట్టి దగ్గర కాడ మెత్తబడి మొలక వాలిపోతుంది. గింజలు ఒత్తుగా పోసి, సాయంత్రాలు నీళ్లు చల్లి, గాలాడని గదిలో పెడితే ఇదే జరుగుతుంది. పొద్దున్నే నీళ్లు పెట్టండి, పైన ఆరితేనే మళ్లీ పెట్టండి. ట్రైకోడెర్మా అని, తెగులును అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం, దొరికితే ముందే కోకోపీట్‌లో కలపండి. తెగులు కనిపిస్తే లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడపండి.

గింజ పెట్టాక ట్రే మీద పేపరు కప్పి ఉంటే, మొలక పైకొచ్చిన రోజే దాన్ని తీసేయాలి. వెలుతురు చాలకపోతే నారు సన్నగా సాగి వంగిపోతుంది, దాన్ని మళ్లీ బాగుచేయలేం. నాటే ముందు వారం రోజులు ఎండలో ఉంచే గంటలు మెల్లగా పెంచండి. నాటడం సాయంత్రమే.

బెండ, గోరుచిక్కుడుకు ఈ శ్రమేమీ వద్దు, నేరుగా కుండీలో పెట్టేయండి. బీర, సొర, కాకర వేరు కదిలితే కోలుకోవు. ముందే మొలిపించాలనుకుంటే పేపరు కప్పుల్లో పెట్టి, రెండు మూడు ఆకులు రాగానే కప్పుతో సహా కుండీలోకి దించేయండి.

ఇంకొక్క మాట. ప్యాకెట్లో గింజలు గులాబీ రంగులోనో, పచ్చ రంగులోనో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం. నానబెట్టొద్దు, పిల్లల చేతికివ్వొద్దు, పెట్టాక చేతులు సబ్బుతో కడుక్కోండి.