ధర అడగకూడని బల్లలు: తుపాకుల సేకర్తల ప్రదర్శనలో ఏం జరుగుతుంది?

[తెరపై: పొడవైన హాలు, వరసగా బల్లలు, వాటి మీద పాత రైఫిళ్లు]

నమస్కారం. తుపాకుల ప్రదర్శనకు వెళ్తున్నానని చెప్పిన ప్రతిసారీ మనవాళ్లు నన్ను ఒకే మాట అడుగుతారు. "అక్కడ ఎవరైనా డబ్బులిచ్చి తుపాకీ పట్టుకుపోవచ్చట కదా?" ఈ మాట విని విని విసిగిపోయాను. అందుకే ఈ వీడియో.

నేను చెప్పబోయేది సేకర్తల ప్రదర్శన గురించి. అమెరికాలో ఇవి చాలా చోట్ల జరుగుతాయి. ఓక్లహోమాలోని టల్సా ప్రదర్శనలో నాలుగు వేలకు పైగా బల్లలు వేస్తారు. మేరీల్యాండ్‌లోని టిమోనియంలో జరిగేది పాత ఆయుధాలకు పేరు పొందింది. నేను వెళ్లేది ఒహాయోలోని విల్మింగ్టన్‌కు. కొలంబస్ నుంచి కారులో సుమారు గంట ప్రయాణం. 1937లో పుట్టిన ఒహాయో గన్ కలెక్టర్స్ అసోసియేషన్ దీన్ని నడుపుతుంది. ఇది సభ్యుల కోసం జరిగే ప్రదర్శన, దారిన పోయే అందరినీ పిలిచే సంత కాదు.

లోపల రెండు రకాల బల్లలుంటాయి. అమ్మకం బల్లలు, కొలువు బల్లలు. కొలువు అనే పేరు నేను పెట్టుకున్నది. ఎందుకంటే అది అచ్చంగా బొమ్మల కొలువే.

సంక్రాంతికి ఎవరింటికైనా పేరంటానికి వెళ్లి, మెట్ల మీద ఉన్న దశావతారాల బొమ్మలు చూసి "ఈ సెట్టు ఎంతకిస్తారు?" అని అడుగుతారా? అడగరు. "ఇవి ఎక్కడివి? మీ అమ్మమ్మగారివా?" అని అడుగుతారు. ఆవిడ ముఖం వెలిగిపోతుంది. పది నిమిషాలు కథ చెబుతుంది. తుపాకుల కొలువు దగ్గర కూడా అంతే. ఆ బల్ల మీద ఉన్నది అమ్మకానికి కాదు. దాని వెనక కూర్చున్న మనిషి మీ ప్రశ్న కోసం పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడు. ధర అడిగారా, మాట అక్కడే ఆగిపోతుంది.

[తెరపై: రైఫిల్ పక్క భాగం, దగ్గరగా]

ఇప్పుడు నా కొలువు చూపిస్తాను. మూడే మూడు రైఫిళ్లు. మూడూ ఇషాపూర్‌లో తయారైనవే. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం అనుకోకండి. ఇది కోల్‌కతాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఉన్న రైఫిల్ కర్మాగారం. మన ఊళ్లలో పోలీసు కానిస్టేబుళ్ల భుజాన దశాబ్దాల పాటు వేలాడిన "త్రీ నాట్ త్రీ" గుర్తుందా? అదే వంశం.

మొదటిది బ్రిటిష్ కాలం నాటిది. తూటాను లోపలికి తోసి మూసే ఇనుప కడ్డీని బోల్ట్ అంటారు. దాని కింద, భుజానికి ఆనించే చెక్క మడమ వచ్చి కలిసే చోట ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దాని కుడి పక్క చూడండి. పైన కిరీటం. కింద జి, ఆర్, ఐ అనే మూడు అక్షరాలు, అంటే చక్రవర్తి జార్జ్. దాని కింద ఇషాపూర్, సంవత్సరం. రెండో రైఫిల్ స్వాతంత్ర్యం వచ్చాక తయారైంది. రైఫిల్ అదే, పట్టీ అదే, అచ్చు కొట్టిన చోటు కూడా అదే. కానీ కిరీటం లేదు. అక్కడ అశోక స్తంభం సింహాలున్నాయి. గోరంత ఇనుము మీద ఒక రాజ్యం దిగిపోయి ఒక గణతంత్రం ఎక్కింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడానికే నేను బల్ల తీసుకుంటాను.

మూడోది 2ఎ1. 1962లో చైనాతో యుద్ధం తర్వాత, పాత నమూనానే గట్టి ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల నాటో తూటాకు సరిపడేలా మార్చి చేశారు. ముందు వచ్చిన 2ఎలో గురి చూసే పలక మీద దూరం అంకెలు పాత రైఫిల్‌లో లాగా 2000 వరకు ఉండేవి, 2ఎ1లో 800కు కుదించారు. తూటాలు నింపే మ్యాగజైన్ పెట్టె కూడా పాతదానికంటే చదరంగా ఉంటుంది. దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

ఇంకొకటి చూడండి. ముందు చెక్కలో అడ్డంగా దిగిన ఈ మర. చెక్క చీలిపోకుండా ఇషాపూర్‌లో వేసేవారు. ఇక్కడి సేకర్తలు దీన్ని "ఇషాపూర్ స్క్రూ" అనే పిలుస్తారు. కొత్తవాళ్లు మాత్రం దీన్ని చూసి "అయ్యో, ఎవరో రంధ్రం చేసి పాడుచేశారు" అంటారు. పాడుచేయలేదు, కాపాడారు! ఈ ఒక్క మర గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను.

సరే, కొలువుకు వద్దాం. మీ ఇంట్లో ముత్తవ్వ నాటి కొండపల్లి బొమ్మ ఒకటి ఉంది, రంగు వెలిసిపోయింది. ఎవరో ముచ్చటపడి దానికి నిగనిగలాడే కొత్త పెయింటు వేశారు. ఇప్పుడది ముత్తవ్వ బొమ్మేనా? తుపాకీ కూడా అంతే. ఇనుము మీద ఉండే నీలి పూత చెదిరితే చెదరనివ్వాలి. కొత్త పూత వేయిస్తే, చెక్కను గరుకు కాగితంతో రుద్దితే, సేకర్తల దృష్టిలో దాని విలువ పడిపోతుంది. ఎన్‌ఆర్‌ఏ, అంటే అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్, ప్రమాణాల ప్రకారం పాత తుపాకీ "ఎక్సలెంట్" అనిపించుకోవాలంటే అసలు పూత 80 శాతానికి పైగా మిగిలి ఉండాలి. "ఫైన్"కు 30 శాతం పైన. అసలు పూత అనే మాటలోనే అంతా ఉంది. ఇంట్లో తాతగారి తుపాకీ ఏదైనా ఉంటే దయచేసి తోమకండి.

నంబర్లూ అంతే. ఈ రైఫిల్‌లో బోల్ట్ మీద, దాని గూటి మీద, బ్యారెల్ మీద ఒకే సీరియల్ నంబరు ఉండాలి. వేరే నంబరు ఉందంటే ఎక్కడో భాగం మారిందన్నమాట. రాముడు ఒక సెట్టులోంచి, సీత ఇంకో సెట్టులోంచి వచ్చినట్టు. ఇద్దరూ బాగానే ఉంటారు, కానీ జంట కాదు.

ఇంకా ఒక మోసం చెప్పాలి. 2ఎ1లను ఇక్కడ కొందరు దిగుమతిదారులు పొట్టిగా కోసి, మూతి దగ్గర గరాటు లాంటిది తగిలించి, "జంగిల్ కార్బైన్" రూపంలో అమ్మారు. అసలు జంగిల్ కార్బైన్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ పొట్టి రైఫిల్. అలాంటిదొకటి ఆ యుద్ధంలో వాడినదంటూ ఒక అమ్మకందారు నాకే కథ చెప్పాడు. నేను పట్టీ మీద సంవత్సరం చదివాను. 1966. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఇరవై ఒక్క ఏళ్లకు పుట్టిన తుపాకీ అది. కథ వినండి, డబ్బు మాత్రం ఇనుము మీది అక్షరాలు చదివాకే తీయండి.

ఇక మొదటి ప్రశ్న. ఎవరైనా కొనుక్కుపోవచ్చా? లైసెన్సున్న వ్యాపారి తన దుకాణంలో ఏం చేయాలో ప్రదర్శనలోనూ అదే చేయాలి. 4473 అనే ఫారం నింపించాలి, 1998 నవంబరు నుంచి నడుస్తున్న ఎన్‌ఐసీఎస్ వ్యవస్థ ద్వారా కొనేవారి నేపథ్యం తనిఖీ చేయించాలి. హాలు మారినంత మాత్రాన చట్టం మారదు. మరి ఈ పుకారు ఎక్కడిది? వ్యాపారి కాని మామూలు మనిషి తన సొంత తుపాకీని అదే రాష్ట్రం మనిషికి అమ్మితే ఫెడరల్ చట్టం ఆ తనిఖీ అడగదు. కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి. దీని మీద ఇక్కడ పెద్ద వాదనే ఉంది. నా మట్టుకు నేను ఏది కొన్నా, ఏది అమ్మినా మధ్యలో లైసెన్సున్న వ్యాపారిని పెట్టుకుంటాను. నా మనసుకు అదే నిశ్చింత.

1898లో గాని, అంతకు ముందు గాని తయారైనవి ఫెడరల్ చట్టం దృష్టిలో పురాతన వస్తువులు, వాటి లెక్క వేరు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవి "క్యూరియో, రెలిక్", అంటే సేకర్తలు దాచుకునే పాత తుపాకుల కింద వస్తాయి. వాటి కోసం సేకర్త లైసెన్సు ఉంది, మూడేళ్లకు 30 డాలర్లు. ప్రతి రాకపోకా పుస్తకంలో రాసుకోవాలి. దానితో వ్యాపారం చేయకూడదు.

సమయం అయిపోతోంది, కానీ ఇది మనవాళ్లకు చెప్పకుండా వదలలేను. ఎఫ్-1 మీద చదువుకుంటున్నవాళ్లు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండటం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి సంగతి వకీలును అడగండి, స్నేహితుణ్ణి కాదు. చూడటానికి రండి, చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

ముట్టుకునే అర్హత ఉన్నవాళ్లైనా ముందు అడగాలి. ఇనుము మీద వేలిముద్ర పడితే చెమట ఉప్పుకు తుప్పు పడుతుంది. చేతికిచ్చాక మూతి మనుషుల వైపు తిప్పకండి, ట్రిగ్గర్ నొక్కకండి. గుమ్మం దగ్గరే తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసి ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు, దాన్ని విప్పకండి.

కొలువు పెట్టాలనుకునేవారికి గబగబా: బల్ల ముందే కట్టించుకోండి. ముదురు రంగు గుడ్డ పరచండి. తుపాకీకి ఒక చీటీ చాలు, నాలుగు వరుసలు దాటనివ్వకండి. తుపాకులన్నిటినీ కలుపుతూ సన్నటి తీగ తాళం వేయండి. భోజనానికి వెళ్తే పక్క బల్లవారికి అప్పగించి వెళ్లండి.

చివరగా, అక్కడ జ్ఞాపకంగా కొన్న ఖాళీ తూటాను సంచిలో మరచిపోయి ఇండియా విమానం ఎక్కకండి. మన విమానాశ్రయాల్లో ఒక్క తూటా దొరికినా పోలీసు కేసు అవుతుంది. ప్రయాణానికి ముందు రోజు సంచి బోర్లించి దులపండి, పక్క జేబులతో సహా.

[తెరపై: కిరీటం, సింహాల గుర్తు పక్కపక్కన]