ఆకు పనిచేస్తుంది సరే, ఎంత పనిచేస్తుంది?

ఫార్మసీ విద్యార్థులకూ, పిల్లలతోపాటు వచ్చిన పెద్దలకూ నమస్కారం.

మీ అందరి చేతుల్లో ఒక్కో ఆకు పెట్టాం. అది పొడపత్రి. మన అడవుల్లో పొదల మీద అల్లుకుని పెరిగే తీగ. నోట్లో వేసుకుని మెత్తగా నమలండి. చేదుగానే ఉంటుంది, కాస్త ఓర్చుకోండి. రసం నాలుకంతా తగిలాక ఉమ్మేసి, బెల్లం ముక్క వేసుకోండి. తీపి తెలియడం లేదు కదూ? ఇసుక నమిలినట్టుంది. కంగారుపడకండి, అరగంట గడిస్తే రుచి తిరిగొస్తుంది.

ఈ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలను కాసేపు మూసేస్తాయి. దీన్ని మీరు ఇప్పుడే చవిచూశారు, ఎవరూ కాదనలేరు. కానీ నాలుక మీద జరిగినంత తేటగా రక్తంలోని చక్కెర మీదా జరుగుతుందా? మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 మంది టైప్-2 షుగరు రోగులకు, వాడుతున్న మాత్రలతోపాటే, రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం ఏడాదిన్నరకు పైగా ఇచ్చారు. 1990లో ఫలితాలు అచ్చయ్యాయి. చాలామందికి షుగరు తగ్గింది, అయిదుగురు మాత్రలు మానేసి సారంతోనే నెట్టుకొచ్చారు. ఆశ పుట్టించే ఫలితమే. అయితే ఎవరికి సారం, ఎవరికి ఉత్తి పొడి అన్నది రోగికీ డాక్టరుకూ తెలియకుండా, చీటీలు వేసి పంచిన పరీక్ష కాదది. రోగులూ తక్కువే. ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా ఆ 22 మంది గురించే చెప్పుకోవాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

మెంతుల కథ మన హైదరాబాదుదే. జాతీయ పోషకాహార సంస్థలో, ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్-1 షుగరు రోగులకు కొవ్వు తీసిన మెంతిపిండిని పది రోజులపాటు మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో కలిపి పెట్టారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. ఇది కూడా 1990లోనే అచ్చయింది. మెంతుల్లోని జిగురు పీచు అన్నం అరిగే వేగాన్ని తగ్గిస్తుంది. ఇక మోతాదు వినండి: రోజుకు 100 గ్రాములు. మన ఇళ్ళలో రాత్రి నానబెట్టుకుని పొద్దున తాగేది చెంచాడు. ఆ ఫలితాన్ని ఈ చెంచాడుకు అంటగట్టి "మెంతులతో షుగరు మాయం" అని వాట్సాప్‌లో పంపుకుంటున్నాం!

మొక్కతో మొదలైన వెతుకులాట నిజంగా మందుగా మారితే ఎలా ఉంటుందో చూడాలంటే మీ ఇంట్లో షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ అట్ట చూడండి. దక్షిణ ఐరోపాలో గలీగా అనే మొక్క ఉంది, మెంతుల్లాగే చిక్కుడు కుటుంబానిది. దాన్ని మేసిన పశువులకు విషమెక్కేది. అందులోని గలీజిన్ చక్కెరను తగ్గిస్తుందని తెలిసినా, నేరుగా మనుషులకిస్తే ప్రమాదమని తేలింది. దానికి దగ్గరి రసాయనమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో తయారుచేశారు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని రోగులకిచ్చిన ఫలితాలు ప్రకటించారు. అమెరికా 1994 దాకా అనుమతించలేదు. ఇవాళ అదే మందు హైదరాబాదు కంపెనీల్లోనూ తయారవుతోంది. ఆకుకూ మాత్రకూ మధ్య నడిచిందంతా మోతాదు కోసం, విషం తగ్గించడం కోసం జరిగిన చాకిరీ.

పెద్దలకు నా విన్నపం. ఇప్పటికే షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ, డాక్టరుకు చెప్పకుండా పొడపత్రి చూర్ణం, కాకర రసం కలిపితే షుగరు మరీ పడిపోయి తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పవచ్చు. ఆకుకు శక్తి ఉంది కాబట్టే ఈ ప్రమాదం. వాడాలనుకుంటే డాక్టరుతో చెప్పండి, గ్లూకోమీటరుతో చూసుకుంటూ ఉండండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు మానకండి. టైప్-1 పిల్లలకైతే ఏ పసరూ ఇన్సులిన్ బదులు కాదు. ఊరూ పేరూ లేని డబ్బాలూ కొనకండి. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే, 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా బయటపడింది.

ఇక విద్యార్థులకు. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కించి ఎలుకకు షుగరు తెప్పించి, కషాయం పోసి, తగ్గిందని రాసిన వ్యాసాలు కుప్పలుగా ఉన్నాయి. ఆ మందుతో ఎలుకలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే చచ్చిపోతాయి. మన టైప్-2 రోగికి చాలాసార్లు ఇన్సులిన్ ఉంటుంది, ఒళ్ళు దాని మాట వినదు. అందుకని ఈ ఏడాది అలాంటి ప్రాజెక్టు ఇంకోటి వద్దు. నాలుగు చోట్ల నుంచి పొడపత్రి తెండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కోయండి. నీటిలో తీసిన సారంలో ఎంత, ఆల్కహాలుతో తీసినదాంట్లో ఎంత జిమ్నెమిక్ ఆమ్లం ఉందో, కలగలిసిన రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద కొలవండి. బజారులో అమ్మే చూర్ణాలు కొని వాటినీ అలాగే కొలిచి, అంకెలన్నీ ఒక పట్టికలో రాయండి. మోతాదు నిర్ణయించి రోగుల మీద పరీక్ష పెట్టాలనుకునే డాక్టరు మొదట అడిగేది ఆ పట్టికే.