అద్దె రసీదు అడిగి తీసుకోండి

వేదిక మీది పెద్దలకు, కుట్టు మిషన్లు ఆపి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. నన్ను జీఎస్టీ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, ముందు అద్దె సంగతి.

మీలో చాలామంది అద్దె ఇంటి ముందుగదిలోనే మగ్గం, మిషన్లు వేసుకున్నారు. ఆ గది అద్దె వ్యాపార ఖర్చు. 1961 ఆదాయపు పన్ను చట్టం 30వ సెక్షన్ ఆ మాటే చెప్పింది. కొత్త చట్టంలో నంబరు మారింది కానీ హక్కు పోలేదు. ఇంటి అద్దె 15,000, పనికి వాడేది మూడో వంతు అనుకోండి. నెలకు 5,000, ఏడాదికి 60,000 ఖర్చు రాసుకోవచ్చు. మీరు కాపురముండే గదులది రాయకూడదు. అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బు, అదీ రాయకూడదు.

"12 లక్షల దాకా పన్నే లేదుగా మేడమ్" అంటారు. అది ఖర్చులు పోగా మిగిలిన ఆదాయానికమ్మా, వసూలైన మొత్తానికి కాదు. అద్దె రాయకపోతే రాని లాభం వచ్చినట్టు లెక్క తేలుతుంది. టర్నోవరులో 8 శాతమో 6 శాతమో లాభంగా చూపించే పద్ధతి ఎంచుకున్నవాళ్లకు మాత్రం అద్దె విడిగా తీసేసే వీల్లేదు.

ఇక నా అసలు బాధ. నా దగ్గరికి లెక్కలకు వచ్చే ఒకావిడ చిన్న పాకెట్ డైరీ తెచ్చింది. ప్రతి నెలా తారీఖు, ఇచ్చిన అద్దె నీలం సిరాతో రాసుకుంది. ఓనరు సంతకం ఒక్కటీ లేదు. మరి అద్దె ఇచ్చినట్టు రుజువేది? అడిగితే "నా పేరు కాగితం మీద ఎందుకు? ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యి" అన్నారట. పిల్లల బడి పక్కనే ఉంది, ఎక్కడికి పోతుంది? నోరు మూసుకుంది. ఆయన ఆదాయం దాచుకోవడానికి ఈవిడ పన్ను కట్టాలా? ఈ హాల్లో ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లూ ఉన్నారు. అయ్యా, అమ్మా, డబ్బు తీసుకున్న చేత్తోనే సంతకం పెట్టండి. అది మీరు చేసే ఉపకారం కాదు, వాళ్ల హక్కు.

విడిగా షాపు తీసుకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. బ్యాంకులోనో ఫోన్‌పేలోనో వెయ్యండి. నగదే ఇస్తే, 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి.

టైమైపోయిందని చీటీ పంపారు. జీఎస్టీ భోజనాలయ్యాక చెబుతాను. గుమ్మం దగ్గర బల్ల మీద ఖాళీ రసీదులు పెట్టించాను, తలా పన్నెండు తీసుకెళ్లండి.