ఆరో తరగతిలోనే రంగుల పరీక్ష చేయండి

(జాతీయ సైన్సు దినోత్సవాన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో విశ్రాంత ఫిజిక్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, హెడ్మాస్టరు గారికి, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం. పిల్లలు ఎండలో కూర్చున్నారు కాబట్టి పేరుపేరునా పలకరించడం మానేస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

1928లో ఇదే ఫిబ్రవరి 28న సి.వి. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించారు. ఆయన చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నారని మీకు మాస్టార్లు చెప్పే ఉంటారు. నోబెల్ వచ్చిన చాలా ఏళ్ల తర్వాత, బెంగళూరులో, మనిషి కన్ను రంగుల్ని ఎలా పోల్చుకుంటుందన్న ప్రశ్నను ఆయన పట్టుకున్నారు. దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, 1968లో, చూపు మీద ఒక పుస్తకమే తెచ్చారు. అందుకే నాకిచ్చిన 'రంగుల విజ్ఞానం' ఈ రోజుకు తగిన అంశమే.

వెలుగులో మనకు కనిపించేవి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగాలే. కంటి వెనక రెటీనాలో కోన్ కణాలు ఉంటాయి, ఒక్కో కంటికి దాదాపు 60 లక్షలు. అవి మూడు రకాలు. ఒకటి పొట్టి తరంగాలకు, ఒకటి మధ్యస్థ తరంగాలకు, ఒకటి పొడవు తరంగాలకు ఎక్కువగా స్పందిస్తుంది. ఏ కోన్‌కూ ఒంటరిగా రంగు తెలియదు. తనకెంత వెలుగు అందిందో అంతే చెబుతుంది. ఆ మూడు లెక్కల్నీ పోల్చి మెదడు రంగు తేలుస్తుంది. సూక్ష్మదర్శినిలో ఎవరూ చూడకముందే, 1802లో, థామస్ యంగ్ ఇలా మూడు రకాలు ఉండాలని ఊహించాడు. ఇంటికెళ్లి ఫోన్ మీద చిన్న నీటి చుక్క వేసి చూడండి. పసుపు బొమ్మలో పసుపు ఉండదు, ఎరుపు ఆకుపచ్చ చుక్కలే ఉంటాయి.

ఇందులో ఒక రకం కోన్ లేకపోతే, లేదా సరిగా పనిచేయకపోతే? కొన్ని రంగుల మధ్య తేడా తెలియదు. దీన్నే వర్ణాంధత్వం అంటారు. మా అక్క కొడుకు సంగతి చెప్పాలి.

రైలింజన్ నడిపే లోకో పైలట్ కావాలని వాడి కోరిక. డిప్లొమా అయ్యాక గుంటూరులో రూమ్ తీసుకుని కోచింగ్‌కు వెళ్లాడు. రాతపరీక్ష పాసయ్యాడు, అక్క వీధంతా స్వీట్లు పంచింది. మెడికల్‌లో వాడి ముందు రంగు చుక్కల పుస్తకం పెట్టి అంకె చెప్పమన్నారు. అందరికీ 74 కనిపించే పేజీలో వాడికి 21 కనిపించింది. అన్‌ఫిట్. నెలల తరబడి గదిలోంచి బయటకు రాలేదు వాడు.

రైల్వేని తప్పుపట్టను. 1875లో స్వీడన్‌లోని లాగెర్‌లుండాలో రెండు రైళ్లు ఢీకొన్నాయి. దాని తర్వాతే హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రంగురంగుల ఊలు దారాలతో రైల్వే ఉద్యోగుల చూపు పరీక్షించడం మొదలుపెట్టాడు. సిగ్నల్ ఎరుపో పచ్చో తెలియాల్సిందే. నా బాధ వేరు. మా వాడు పదేళ్లకు పైగా బడిలో ఉన్నాడు. ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేదు! మ్యాపులో అడవులకు గోధుమరంగు వేశాడని అరచేతుల మీద బెత్తంతో కొట్టారు. పొగరుతో వేశాడన్నారు. ఆ చుక్కల పుస్తకాన్ని జపాన్ వైద్యుడు ఇషిహారా తయారుచేసి 1917లో ప్రచురించాడు. వందేళ్లు దాటింది. అది ఏ అలమరాలోనూ లేకపోయింది.

మీ పాఠంలో ఉన్న అణు సిద్ధాంతం డాల్టన్‌కూ ఈ లోపమే ఉంది. గులాబీరంగు జెరేనియం పువ్వు ఆయనకు పగలు ఆకాశనీలంలా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించేది. ఆయన తమ్ముడికో అన్నకో కూడా అంతే. 1794లో మాంచెస్టర్‌లో దీని మీద ప్రసంగించాడు. తన కంట్లో ద్రవం నీలంగా ఉందేమో, చనిపోయాక చూడమన్నాడు. 1844లో చూశారు, ద్రవం తేటగానే ఉంది. ఆ కళ్లను దాచిపెట్టారు. 1995లో డీఎన్ఏ పరీక్ష చేస్తే మధ్యస్థ తరంగాల కోన్‌కు కావాల్సిన జన్యువు లేదని తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు పిల్లలూ.

ఇక మా ఇంట్లో జరిగింది. "మీ పుట్టింటి నుంచి తెచ్చావు" అని అక్కను అత్తగారింట్లో సాధించారు. మా నాన్నకు ఇది ఉండేది నిజమే. మిరప తోటలో పండుకాయలతో పాటు పచ్చివీ కోసేసేవారు, అందుకని కోతకు రానిచ్చేవారు కాదు. ఎరుపు, ఆకుపచ్చ చూపుకు సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై; ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు. నాన్న నాకు వై ఇచ్చారు కాబట్టి నాకు రాలేదు. అక్కకు తన ఎక్స్ ఇచ్చారు. రెండో ఎక్స్ బాగుంది కాబట్టి అక్క చూపు బాగుంది. కొడుక్కి ఏది వెళ్లాలన్నది ఆమె చేతిలో ఉందా? సగానికి సగం అవకాశం. తల్లులారా, ఈ మాట మీ ఇళ్లలో చెప్పండి. మన దగ్గర మేనరికాలు ఉన్నాయి కాబట్టి ఇంకొకటీ చెప్పాలి. ఈ లోపమున్న మేనమామకు అక్క కూతుర్నిస్తే, ఆ అమ్మాయిలోనూ ఆ జన్యువుంటే, వాళ్లకు పుట్టే ఆడపిల్లలకూ ఇది రావచ్చు.

కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. తక్కువ, మధ్యస్థ స్థాయి లోపమున్నవాళ్లకు డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వవచ్చని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సుల్లో వీళ్లను చేర్చుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో, ఇదే కారణంతో పని పోయిన ఒక ఆర్టీసీ డ్రైవర్‌కు వేరే ఉద్యోగం ఇవ్వాలని తీర్పిచ్చింది.

వెనక నిలబడ్డ సైన్సు మాస్టార్లూ, మీతోనే మాట్లాడుతున్నాను. ఐరోపా మగవాళ్లలో వందకు ఎనిమిది మందికి ఇది ఉంది. మన దేశంలో అంతకంటే తక్కువే, అయినా ఈ బడిలో ఒకరిద్దరైనా ఉండే అవకాశం ఎక్కువ. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దతో రాయకండి. మ్యాపులో రంగుతో పాటు పేరూ రాయించండి. లిట్మస్ రంగు చెప్పలేని పిల్లవాణ్ణి పక్కవాణ్ణి అడగనివ్వండి.

హెడ్మాస్టరు గారూ, ఆ చుక్కల పుస్తకం ఒకటి కొని తెచ్చాను, మీ బల్ల మీద పెట్టాను. ఆరో తరగతితో మొదలుపెట్టండి. పగటి వెలుగులో, పుస్తకం ముప్పావు మీటరు దూరంలో ఉంచి, పేజీకి మూడు సెకన్లు చాలు. ఒక్కొక్కర్నీ విడిగా పిలవండి, క్లాసు ముందు వద్దు. తేడా కనిపిస్తే తల్లిదండ్రులిద్దర్నీ పిలిపించి చెప్పండి, తర్వాత కంటి డాక్టరు దగ్గరకు పంపండి.