మందౌ వయసును గుర్తించడం

శ్రోతలకు నమస్కారం. బోర్నియో ద్వీపంలోని దయాక్ తెగల కత్తులలో మందౌ ప్రసిద్ధమైనది. పాత మందౌ అమ్మకానికి వచ్చినప్పుడల్లా అది తలలు నరికిన కత్తి అనే కథ కూడా దాని వెంటే వస్తుంది. ఆ కథను పక్కన పెట్టి, ముందుగా కత్తిని ఒరలోంచి తీసి చూడాలి.

పాత మందౌ అలుగుకు, అంటే పదునుండే లోహపు భాగానికి, రెండు ముఖాలూ ఒకేలా ఉండవు. ఒకవైపు ఉబ్బెత్తుగా, రెండోవైపు కొద్దిగా లోపలికి గుంటపడినట్టుగా ఉంటుంది. అందుకే కుడిచేతివాటం వారికీ ఎడమచేతివాటం వారికీ వేరువేరుగా కత్తులు చేసేవారు. వెన్ను నుంచి అంచు వైపుకు వేలితో జాగ్రత్తగా తడిమితే ఈ తేడా తెలిసిపోతుంది. పర్యాటకుల కోసం చేసిన కత్తులలో చాలావాటికి రెండు ముఖాలూ చదునుగానే ఉంటాయి. అయితే చదునుగా ఉన్నంత మాత్రాన కొత్తదని తేల్చకూడదు, ఎందుకంటే ఇబాన్ తెగవారి జింపుల్ అనే కత్తికి పాతకాలంలోనూ అలుగు చదునుగానే ఉండేది.

అలుగు తర్వాత పిడిని చూడాలి. మంచి పిడులను జింక కొమ్ముతో చెక్కి, లోపల చెట్టు బంకతో అలుగు తోకను బిగించి, మెడ దగ్గర పేము అల్లేవారు. ఎన్నో ఏళ్లు చేతిలో నలిగిన పిడిపై చెక్కడంలోని ఎత్తైన భాగాలు అరిగి నునుపుతేలి, గుంటలలో పాత మురికి గట్టిపడి ఉంటుంది. రంగు పూసి పాతదిగా చూపిన పిడిలో గుంటా గట్టూ ఒకే రంగులో కనిపిస్తాయి. పిడికి కట్టిన కుచ్చు మనిషి జుట్టే అని అమ్మేవారు చెప్పినా, అది మేక వెంట్రుకలు కావచ్చు.

బంక కరిగితే పిడిని మార్చవచ్చు, ఒరకు చుట్టిన పేము తెగితే దాన్ని కొత్తగా కట్టవచ్చు. కాబట్టి ఒకే కత్తిలో మూడు తరాల పని ఉండటం వింతేమీ కాదు. ఒరకు పాత నాణెం పొదిగి ఉంటే, ఆ అలంకరణ నాణెం మీది సంవత్సరానికి ముందుది కాదని మాత్రమే చెప్పగలం.

శత్రువుల తలలు నరికి తెచ్చే తలల వేటను మానుకోవాలని 1894లో బోర్నియోలోని తుంబాంగ్ అనోయ్‌లో దయాక్ పెద్దలు ఒప్పందం చేసుకున్న తర్వాత కూడా మందౌ తయారీ ఆగలేదు, వేడుకలకూ అడవి పనులకూ అది అవసరమే. అందువల్ల పాతదైన ప్రతి మందౌ యుద్ధం చూసిందని అనుకోలేం. తేదీ విషయంలో గట్టి ఆధారం పాత సేకరణలే. 1896–97లో బోర్నియోను అడ్డంగా దాటిన డచ్ వైద్యుడు నీవెన్‌హౌస్ సేకరించిన వస్తువులు నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర మ్యూజియంలో ఉన్నాయి. సేకరించిన కాలం తెలిసిన అలాంటి కత్తుల చెక్కడాన్ని మన చేతిలోని కత్తితో పోల్చి, అలుగుకూ పిడికీ ఒరకూ వేరువేరుగా కాలం రాసుకోవాలి.