షిప్పు దిగి ఇంట్లో సెటిల్ అవ్వాలంటే...

[బీచ్ రోడ్డు. వెనక సముద్రంలో లంగరేసి ఉన్న ఓడలు.]

నమస్తే అండీ. మర్చంట్ నేవీలో ఏళ్ల తరబడి తిరిగి, ఇక చాలు అనుకుంటున్నవాళ్ల కోసం ఈ వీడియో. "ఇంట్లో ఉండటానికి కూడా పాఠాలు కావాలా?" అంటారేమో. సెలవుకి రావడం వేరు, ఉండిపోవడం వేరు.

ఓడ మీద ప్రతిదానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. ఆఫీసర్లకి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల కాంట్రాక్టు, రేటింగ్స్‌కి, అంటే ఆఫీసర్లు కాని సిబ్బందికి, ఇంకాస్త ఎక్కువ, ఎవరినీ 12 నెలలు నిండేదాకా ఓడలోనే ఉంచకూడదని అంతర్జాతీయ నిబంధన కూడా ఉంది. అందుకే కూర బాగోకపోయినా, కెప్టెన్ చిరాకు పెట్టినా "ఎన్నాళ్లులే, సైన్ ఆఫ్ వచ్చేస్తోంది", అంటే కాంట్రాక్టు అయిపోయి దిగిపోయే రోజు వచ్చేస్తోంది అనుకుంటూ నెట్టుకొచ్చేస్తాం. ఇంట్లో సైన్ ఆఫ్ ఉండదు. పార్కింగ్ దగ్గర గొడవపడ్డ పక్కింటాయన వచ్చే ఏడాదీ పక్కింట్లోనే ఉంటాడు, తేల్చుకోవాలి లేదా సర్దుకుపోవాలి, మనకేమో ఆ రెండూ అలవాటు లేవు. నన్నడిగితే అసలు కష్టం ఇదే, డబ్బు కాదు.

[స్క్రీన్ మీద: ఇంటికి కెప్టెన్ ఎవరు?]

మీరు లేని ఇన్నేళ్లూ ఇల్లు ఆగిపోలేదు. ప్లంబర్ నంబరు, పిల్లాడి స్కూల్ ఫీజు, మామయ్యగారి బీపీ మాత్రలు, గ్యాస్ బుకింగ్... అన్నీ మా ఆవిడ చేతిలోనే ఉండేవి. చీఫ్ ఆఫీసర్‌గా చేసినవాణ్ణి కదా, డెక్ మీద చెప్పినట్టు చెప్పబోతే "ఇక్కడ నేను సీనియర్‌ని" అంది. నిజమే మరి! జూనియర్‌గా చేరండి. రైతు బజారుకెళ్లడం, బస్సు దగ్గర పిల్లల్ని దింపడం లాంటి ఒకటో రెండో పనులు పూర్తిగా మీవి చేసుకోండి, సాయం చేస్తున్నట్టు కాకుండా.

నిద్ర సంగతి చాలామంది చెప్పరు. పన్నెండు-నాలుగు వాచ్, అంటే పగలూ రాత్రీ పన్నెండు నుంచి నాలుగు దాకా డ్యూటీ చేసినవాళ్లకి అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తుంది, అది సర్దుకోవడానికి కొందరికి నెలలు పడుతుంది. టెన్షన్ పడకండి, పగలు పడుకోవడం మాత్రం మానేయండి.

ఇక కాగితాలు. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ మన దేశంలో ఉంటే పన్ను లెక్కలో ఆ ఏడాదికి మీరు రెసిడెంటే, కాబట్టి ఏ నెలలో దిగిపోతున్నారన్నది చూసుకోవాలి. శాశ్వతంగా వచ్చేశాక ఎన్ఆర్ఈ ఖాతా, అంటే ఎన్ఆర్ఐలు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా, అలాగే వదిలేయకూడదు, రెసిడెంట్ ఖాతాగా మార్చమని బ్యాంకుకి మీరే చెప్పాలి. ఇంకోటి, సెలవులో వచ్చినప్పుడు చుట్టాలందరికీ పెర్ఫ్యూములూ చాక్లెట్లూ పంచే చేయి ఉంటుంది చూడండి, దానికి నెల జీతం లెక్క నేర్పడానికి కొంచెం టైం పడుతుంది. మొదటి పండక్కే తెలిసిపోతుంది లెండి.

[స్క్రీన్ మీద: సీఓసీ]

చివరిగా, "కుదరకపోతే మళ్లీ ఎక్కేస్తాలే" అనే మాట. సీఓసీని, అంటే ఓడ మీద ఆఫీసరుగా పనిచేయడానికి ఉండాల్సిన సర్టిఫికెట్‌ని, ఐదేళ్లకోసారి రెన్యూ చేయించాలి, దానికి మామూలు దారి ఆ ఐదేళ్లలో 12 నెలల సీ టైం, అంటే ఓడ మీద పనిచేసిన కాలం. అది లేకపోతే రెన్యూవల్‌కి ముందు ఆరు నెలల్లో మూడు నెలలు చేసినా సరిపోతుంది, పరీక్షలు, కోర్సుల దారి కూడా ఉంది. అంటే తలుపు వెంటనే మూసుకుపోదు, అలాగని ఎప్పటికీ తెరిచే ఉండదు. తలుపు తెరిచి ఉన్నంతకాలం ఊళ్లో ఏ ఉద్యోగం నచ్చదు, షిప్పింగ్ కంపెనీ ఆఫీసులో సూపరింటెండెంట్ పోస్టు వచ్చినా, మారిటైం కాలేజీలో పాఠాలు చెప్పమన్నా "ఓడ మీదైతే ఇంతకి మూడింతలు" అనే లెక్కే తిరుగుతుంది బుర్రలో. అందుకే రెన్యూవల్ తేదీ చూసి, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, మళ్లీ ఎక్కడం గురించి ఏ నెలదాకా ఆలోచిస్తారో ముందే అనేసుకోండి. మీ సీఓసీ మీద తేదీ ఎప్పుడుందో ఇప్పుడే తీసి చూడండి.